జరగరానిది

మా ఇంట్లో బియ్యం అయిపోతే ఒడుస్తాయి. మైకు ముందు నిండుకుంటాయి. పుట్టింది యూసుఫ్‌గూడలో, మెట్టింది రెండు గల్లీల అవతల. కానీ పదహారేళ్ళుగా ఫిలింనగర్ డబ్బింగ్ థియేటర్లలో భీమవరం అమ్మాయిలా, బెజవాడ కోడలిలా మాట్లాడి అన్నం తింటున్నాను. నా పేరు మంజులత. తెలుగు ముక్క రాని హీరోయిన్ తెరమీద పెదవులు కదిపితే లోపల్నుంచి వచ్చే గొంతు చాలా సినిమాల్లో నాదే. ఈ సంగతి చెప్పగానే జనం ఒక డైలాగు చెప్పమంటారు. చెప్పను. నాకు చిరాకు.

రెండేళ్ళ కిందట ఒక సినిమాలో తల్లి పాత్రకి గొంతు ఇచ్చాను. కూతురి శవం మీద పడి ఏడ్చే సీను. ‘నా కూతురు చచ్చిపోయిందండీ, చచ్చిపోయింది’ అని ఇరవై సార్లన్నా అరిచి ఉంటాను, ఎందుకంటే ఆ దర్శకుడికి ఏడుపు ఒక పట్టాన నచ్చదు. అయ్యేసరికి సాయంత్రం ఆరు దాటింది. బయటికొచ్చి ఫోన్ చూస్తే మా ఆయన కమలాకర్ నుంచి ఎనిమిది మిస్డ్ కాల్స్. పాపకి నూటనాలుగు జ్వరం. తర్వాత డెంగ్యూ అన్నారు. ఆరు రోజులు ఆస్పత్రిలో ఉండి, ఏడో రోజు లేచి కూర్చుని ఐస్‌క్రీం అడిగింది. దానికి తగ్గింది, నాకు పట్టుకుంది.

సంజెవేళ తథాస్తు దేవతలు తిరుగుతుంటారనీ, మనం ఏమంటే దానికి తథాస్తు అంటారనీ మన ఇళ్ళలో పెద్దవాళ్ళు చెప్పడం కొత్తేం కాదు. అందరూ విని ఊరుకుంటారు. నేను మాత్రం ఆ ఇరవై ‘చచ్చిపోయింది’లనీ వెనక్కి తీసుకోవాలనుకున్నాను. అలాగని బుద్ధి లేనిదాన్ని కాదు. డెంగ్యూ దోమ కుడితే వస్తుందని నాకూ తెలుసు. తెలిసినంత మాత్రాన పోయే జబ్బయితే దానికి డాక్టర్లెందుకు? చెడ్డ మాట ఏది డబ్బింగ్ చెప్పినా ఆ వెంటనే ‘అంతా శుభం’ అని మూడుసార్లు అనాలి. మూడోసారి అంటుండగా కుర్చీ కిర్రుమంటే మళ్ళీ మొదటినుంచి. పోయింది, లేదు, ఆరిపోయింది, అయిపోయింది, ఇవన్నీ ఒకటొకటిగా చెడ్డ మాటల్లోకి వచ్చి చేరాయి. ఇంకో ఆఫీసులో అయితే మొదటి వారంలోనే ఎవరో ఒకరు ఇదేం రోగమని అడిగేవారు. కానీ నేను పనిచేసేది ఫిలింనగర్లో.

ఫిలింనగర్లో దీని పేరు సెంటిమెంట్. ఇక్కడ అది లేనివాడు లేడు. శవంగా నటించిన మనిషి చేత షాట్ అయ్యాక కెమెరా వైపు చూసి ఒకసారి నవ్విస్తారు. ఆ నవ్వు సినిమాలో ఉండదు, అయినా అది తియ్యకుండా ప్యాకప్ చెప్పిన దర్శకుణ్ణి నేనింతవరకూ చూడలేదు. అలాంటిచోట నా మూడు శుభాలు ఎవరికి వింతగా ఉంటాయి? సౌండ్ ఇంజినీర్ సిద్ధార్థ నాకు తమ్ముడిలాంటివాడు. నాకోసం విడిగా ఒక ట్రాక్ తెరిచి దానికి ‘శుభం’ అని పేరు కూడా పెట్టాడు. ఒక నిర్మాతయితే నా ముందే అందరితో, ఈ అమ్మాయికి భయభక్తులు ఉన్నాయయ్యా అని మెచ్చుకున్నాడు. జబ్బుని ఇంత మర్యాదగా చూసుకునే పేట ఇంకొకటి ఉండదు.

అన్నిటికన్నా ఘోరం పేరు సంగతి. చావు మాటలు పలికిన నోటితో కూతురి పేరు పలికితే ఆ రెండూ అతుక్కుపోతాయని నా భయం. అంచేత పేరు మానేశాను. మా వైపు కూతుర్ని ‘బిడ్డా’ అని పిలవడం ఇంటింటా ఉన్నదే కాబట్టి కమలాకర్‌కి కూడా అనుమానం రాలేదు. రష్మి. రెండక్షరాలు. రెండేళ్ళపాటు నా కూతుర్ని నేను ఆ పేరుతో పిలవలేదు. కన్నతల్లిని అయ్యుండి పిలవలేకపోయాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ నామీద నాకే కోపం వస్తుంది.

జూబ్లీ హిల్స్‌లో డాక్టర్ పద్మప్రియ దగ్గర అప్పటికే ఏడాదిగా మందులు వాడుతున్నాను. ఆమె దీన్ని ఓసీడీ అంది. మాత్రలతో సగం తగ్గింది, మిగతా సగం కదల్లేదు. మాగ్నెట్ ట్రీట్‌మెంట్ ఒకటుంది, ఆలోచించమని ఆమె మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ వద్దన్నాను. సినిమాల్లో పిచ్చాసుపత్రి సీను వస్తే మంచానికి కట్టేసి తలకి కరెంటు పెడతారు కదా, అప్పుడు వినిపించే కేకలు నాలుగు సినిమాల్లో నావే. నా కేకలకి నేనే దడుచుకున్నాను.

మనసు మార్చింది రష్మి. అప్పుడు దానికి పదేళ్ళు, ఐదో క్లాసు. ఒకరోజు స్కూల్నుంచి వచ్చి ఇంగ్లిష్ పాఠం పైకి చదువుతోంది. అందులో ఒక రాజు చచ్చిపోతాడు. ఆ వాక్యం దగ్గర ఆగింది. పుస్తకం మూసి, కళ్ళు మూసుకుని, ‘అంతా శుభం, అంతా శుభం, అంతా శుభం’ అంది. తర్వాత నావైపు చూసింది.

“మూడుసార్లు అన్న. చాలుతదా అమ్మా?”

చాలుతుందని చెప్పనా, చాలదని చెప్పనా? ఏది చెప్పినా ఈ జబ్బుని నా చేత్తో దానికి తినిపించినట్టే. లేచి, వంటగదిలోకి పోయి, డాక్టర్‌కి ఫోన్ చేసి మాగ్నెట్‌కి వస్తున్నానని చెప్పాను.

కమలాకర్ వద్దన్నాడు. జూనియర్ ఆర్టిస్టులని షూటింగులకి పంపే పని ఆయనది. వందమందిని ఒక్క కేకతో వరసలో నిలబెడతాడు గానీ ఆస్పత్రి అంటే చెమటలు పడతాయి. నన్ను కట్టేస్తారా అని డాక్టర్‌ని అడిగాడు కూడా. ఆమె నవ్వలేదు. ఇది షాక్ కాదనీ, మత్తు ఇవ్వరనీ, కుర్చీలో కూర్చోబెట్టి నెత్తిన హెల్మెట్ లాంటిది పెడతారనీ, దానిలోంచి వచ్చే అయస్కాంతపు దెబ్బలు మెదడులో ఒకే ఆలోచన చుట్టూ తిరుగుతూ ఉండిపోయే చోటుని తట్టి దారి మారుస్తాయనీ ఓపిగ్గా చెప్పింది. మాత్రలు మానక్కర్లేదట. ఆరు వారాలు, వారానికి ఐదు రోజులు, మొత్తం ముప్ఫై సిట్టింగులు. అందరికీ పనిచేస్తుందన్న గ్యారంటీ లేదని కూడా దాచకుండా చెప్పింది. చివర్లో నాతో అంది:

“ఒక్కటి యాదుంచుకో మంజులతా. భయం పడుకున్నప్పుడు మాగ్నెట్ కొడితే లాభం లేదు. అది లేచి కూసున్నప్పుడే కొట్టాలె.”

అంటే ప్రతి సిట్టింగుకీ ముందు నాలుగైదు నిమిషాలు నా భయాన్ని కావాలని లేపుతారు. నేను ఏ మాటకి భయపడతానో ఆ మాట నాకు వినిపిస్తారు. విన్నాక నేను శుభం అనకూడదు. పైకి అనకూడదు, మనసులో అనకూడదు, ఇంటికి పోయాకా అనకూడదు. ఆ భయం అలా నిలబడి ఉండగానే హెల్మెట్ నడుస్తుంది. ఆ మాటలు డాక్టర్ తన చేత్తో ఇంగ్లిష్‌లో ఒక కాగితం మీద రాసి మిషన్ చూసుకునే టెక్నీషియన్‌కి ఇచ్చింది. ఆయన పేరు వరప్రసాద్. భీమవరం దగ్గర పల్లెటూరు. యాభై ఏళ్ళుంటాయి, నుదుటిన కుంకుమ, మాట మెత్తన.

మొదటి రోజు దెబ్బ ఎంత గట్టిగా ఉండాలో కొలవడానికే సరిపోయింది. నా కాలి బొటనవేలు నా ప్రమేయం లేకుండా ఎగిరేదాకా పెంచుతూ పోయారు. ఎగిరింది. నా వేలు నా మాట వినకపోవడం చూసి నవ్వొచ్చింది. ఇక అసలు సిట్టింగు. చెవుల్లో బిరడాలు పెట్టారు. రెండు సెకన్లు టకటకమని కొడుతుంది, ఇరవై సెకన్లు ఆగుతుంది. పక్క వాటాలో గోడకి మేకు కొడుతుంటే మన గోడకి తల ఆనించి కూర్చున్నట్టుంటుంది. నొప్పి అని కాదు, విసుగు. దానికోసం నాలుగు సినిమాల్లో అంతగా అరిచానా అని సిగ్గుపడ్డాను.

కష్టం హెల్మెట్ దగ్గర రాలేదు, తెలుగు దగ్గర వచ్చింది. డాక్టర్ కాగితంలో ఉన్నది సూటిగా ఉంది: నువ్వన్న మాటల వల్ల నీ కూతురు చచ్చిపోవచ్చు, చచ్చిపోదని ఎవరూ చెప్పలేరు. వరప్రసాద్ గారు ఆ కాగితం చదువుకుని, ఒకసారి గొంతు సవరించుకుని, నాకు తెలుగులో చెప్పేవారు.

“మీరన్న మాటల వల్ల పాపకి జరగరానిదేదైనా జరగొచ్చునండీ. జరగదని ఎవరమూ చెప్పలేం కదమ్మా. శివ శివ.”

రోజూ ఇంతే. ఆయన తప్పనలేను. దీపం ఆరిందని అనకుండా కొండెక్కిందంటాం. బయల్దేరుతూ వెళ్తానని అనం, వెళ్ళొస్తానంటాం. మంచి ఇంట్లో పెరిగిన మనిషి నోటికి ఆ మాట సహజంగానే అడ్డం తిరుగుతుంది. డబ్బింగులో పెట్టినప్పుడు మాట బలం తగ్గడం నాకు కొత్త కాదు. ఇంగ్లిష్ కాగితం మీద చచ్చిపోయిన నా కూతురు ఆయన నోట్లో పడేసరికి ఒక జరగరానిదైపోయింది. పైన ఒక శివ శివ.

అబద్ధం చెప్పను. ఇది నాకు మొదటి రోజే తెలిసింది. తెలిసి నోరు మూసుకున్నాను. ఎందుకంటే నా జబ్బుకి ఆ శివ శివ హాయిగా ఉంది. నేను శుభం అనక్కర్లేదు, నా బదులు ఆయన అంటున్నాడు. రోజూ పద్ధతిగా ఆటోలో జూబ్లీ హిల్స్ చెక్‌పోస్ట్ ఎత్తు ఎక్కి వచ్చి, కుర్చీలో కూర్చుని, ఎంత కష్టపడుతున్నానో అని నామీద నేనే జాలిపడి, ఆయన శివ శివ కోసం ఎదురుచూసి, అది వినగానే లోపల ఊపిరి పీల్చుకునేదాన్ని. భయం లేచి కూర్చోకముందే దానికి జోల పాడేశాం, ఇద్దరం కలిసి.

పదిహేడో సిట్టింగు అయ్యాక డాక్టర్ నన్ను కూర్చోబెట్టి ప్రశ్నలడిగి మార్కులు వేసింది. ఈ పరీక్షలో మార్కులు తగ్గితే పాసైనట్టు. మొదలుపెట్టినప్పుడు నలభైకి ఇరవై ఎనిమిది. ఇప్పుడు ఇరవై ఏడు. కొందరికి పనిచెయ్యదు మంజులతా, నీ తప్పేం కాదు, ముప్ఫై పూర్తి చేసి చూద్దామని మెల్లగా అంది. ఆ మాటతో లేచి ఇంటికి పోవచ్చు. ట్రీట్‌మెంట్ పనిచెయ్యలేదని అందరూ నామీద జాలిపడతారు. మా ఇంట్లో మాత్రం పదేళ్ళ పిల్ల మూడు చాలక ఐదుసార్లు శుభం అనడం మొదలుపెట్టింది. పోయిన ఆదివారమే విన్నాను.

“పనిచెయ్యలేదని రాయకండి డాక్టర్,” అన్నాను. “ఇంక మొదలే కాలేదు.”

మొత్తం చెప్పాను. వరప్రసాద్ గారి మెత్తదనం, నా దొంగతనం, రెండూ. ఆమె ముఖం ఎర్రబడింది. ఆయన్ని పిలిచింది. ఆయన కాదనలేదు. చేతులు కట్టుకుని తలవంచి నిలబడ్డాడు.

“ఆడపిల్ల తల్లి ముందు ఆ మాట ఎలా అనమంటారండీ? నాకూ కూతురుంది, భువన. నా నోటికి రాదు.”

ఆయన మీద నాకు కోపం రాలేదు. డాక్టర్‌కి వచ్చింది. రాసింది చదవడానికేం, రేపట్నుంచి నేనే చెప్తానంది. ఇప్పుడే చెప్పండన్నాను. ఆమె కాగితం తీసుకుని నావైపు తిరిగి, రష్మికి, అని ఆగింది. రష్మికి ఏమన్నా అయితే, అంది. మళ్ళీ ఆగింది. ఎండీ చదివిన మనిషి, ఇరవై ఏళ్ళ ప్రాక్టీసు. ఇంగ్లిష్‌లో గడగడా రాసిన వాక్యం తెలుగులో గొంతు దాటి రాలేదు. గదిలో ముగ్గురం ఉన్నాం, ముగ్గురికీ తెలుగొచ్చు, ఒక్కరికీ ఆ మాట రాదు. ముందు డాక్టరే నవ్వింది. తర్వాత ముగ్గురం నవ్వాం, వరప్రసాద్ గారు కూడా, కళ్ళు తుడుచుకుంటూ.

నవ్వు ఆగాక నాకు విషయం అర్థమైంది. ఇంకొకళ్ళ నోటికి రాని మాటలు పలకడమే కదా నా వృత్తి. ఎవరి ఏడుపులో, ఎవరి చావులో పదహారేళ్ళు పలికాను. నాది నేను పలకలేనా? రికార్డు చేసి తెస్తాను, రోజూ అదే పెట్టండి అన్నాను. డాక్టర్, అది పద్ధతి ప్రకారమే ఉంటుందనీ, అలా రికార్డు చేసి వినిపించడం ఇదివరకూ ఉన్నదేననీ చెప్పింది. రేపు చేస్తావా అని అడిగింది. ఇవాళే అన్నాను. రేపటిదాకా ఆగితే నా జబ్బు ఏదో ఒక సాకు వెతుక్కుంటుంది. దాని సంగతి నాకు తెలిసినంత ఎవరికి తెలుసు?

ఫిలింనగర్ చేరేసరికి ఆరవుతోంది. సరిగ్గా సంజెవేళ. ఆ వేళ మంచిది కాదు, రేపు పొద్దున రా అని జబ్బు లోపల్నుంచి చెబుతూనే ఉంది. విని ఊరుకుని మెట్లెక్కాను. సిద్ధార్థకి నాలుగు ముక్కల్లో చెప్పాను. వాడు అడ్డుచెప్పలేదు, సీట్లో కూర్చుని మైకు తెరిచాడు. అలవాటుగా పక్కన శుభం ట్రాక్ కూడా తెరిచాడు. నేనప్పుడు చూడలేదు.

మొదటి టేకు ఒక్క దెబ్బతో వచ్చేసింది. ‘నా కూతురు రష్మి చనిపోవచ్చు, నేనన్న మాటల వల్లే చనిపోవచ్చు’ అని, గొంతులో తడి, చివర్లో చిన్న వణుకు, అన్నీ సరిగ్గా. పేరు కూడా సులువుగా వచ్చింది. సిద్ధార్థ స్పీకర్లోంచి, సూపర్ అక్కా, ఓకే, అన్నాడు. నా గుండె మాత్రం కదల్లేదు. చేతులు చూసుకున్నాను, వణకడం లేదు. అప్పుడు తెలిసింది. అది నా గొంతు కాదు. బెజవాడ కోడలి గొంతు. ఆ చనిపోయిన పిల్ల ఏదో సినిమాలో పిల్ల. మా ఇంట్లో ఎవరూ చనిపోరు. మా ఇంట్లో సస్తారు.

వన్ మోర్ అన్నాను. ఈ రెండేళ్ళలో నా అంతట నేను వందలసార్లు వన్ మోర్ అడిగి ఉంటాను, అన్నీ జబ్బు అడిగించినవే. ఇది మాత్రం నేను అడిగింది. అప్పుడే అద్దం అవతల తెరమీద శుభం ట్రాక్ కనిపించింది. దాన్ని తీసెయ్యమన్నాను. సిద్ధార్థ నావైపు చూసి తీసేశాడు.

హెడ్‌ఫోన్ పెట్టుకుని కళ్ళు తెరిచే ఉంచాను. మొదటి రెండు మాటలు వచ్చాయి. పేరు దగ్గర నాలుక పైకి అంటుకుపోయింది. చెమట మెడ మీంచి కారింది. దేవతలు తిరుగుతుంటే తిరగనీ అనుకున్నాను.

“నా బిడ్డ రష్మి సచ్చిపోవచ్చు. నేనన్న మాటకే సచ్చిపోవచ్చు. ఏమో, నాకు తెల్వదు. నేనైతే శుభం అనను.”

అంతే. ఏడుపు లేదు, వణుకు లేదు, నటన లేదు. కూరగాయల బండి దగ్గర మాట్లాడే గొంతు. సిద్ధార్థ ఓకే అనలేదు. నేను బయటికొచ్చాక మాత్రం తలెత్తకుండా, ఒక్కసారి శుభం అనేసెయ్ అక్కా, ఎవరికీ చెప్పను అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. వద్దు, ఫోన్‌కి పంపు అన్నాను.

ఆ సాయంత్రం ఇంటిదాకా ప్రయాణం నా జన్మలో మరిచిపోను. కృష్ణానగర్ సిగ్నల్ దగ్గర ఆటో ఆగినప్పుడు శుభం అనే మాట నోట్లోకి వచ్చి పళ్ళ వెనక నిలబడింది. పళ్ళు బిగించాను. దిగి ఇంట్లోకి వెళ్ళగానే రష్మి నుదుటి మీద చెయ్యి వేసి జ్వరముందేమో చూడాలి. అది కూడా శుభం లాంటిదే, చూడకూడదు. పిల్ల పప్పన్నం తింటోంది. చేతులు వెనక్కి పెట్టుకుని పక్కన కూర్చున్నాను. అది నిద్రపోయేదాకా రెండు గంటలు, ఒళ్ళంతా భయంతో, ఏమీ చెయ్యకుండా కూర్చున్నాను. ఏమీ చెయ్యకపోవడం ఇంత బరువు పని అని అంతకుముందు తెలియదు.

పద్దెనిమిదో సిట్టింగు నుంచి ఆ రికార్డింగే. వరప్రసాద్ గారు ఫోన్ నొక్కి, మిషన్ వైపు తిరిగి, శివ శివ బయటికి రాకుండా పిడికిలి నోటికి అడ్డం పెట్టుకునేవారు. ఆయనకీ నాతోపాటు వైద్యం జరిగిందని డాక్టర్ ఎగతాళి చేసేది. మొదటి నాలుగు రోజులు కుర్చీలో నా జాకెట్టు తడిసిపోయేది. భయం నిజంగానే లేచి కూర్చుంది, హెల్మెట్ దానిమీద టకటకమని కొట్టింది. ఇంటికొచ్చాక కమలాకర్ నా ముఖం చూసి ఇక చాలు, మానెయ్యమన్నాడు. ఇప్పుడే మొదలైంది, నన్ను ఆపొద్దని చెప్పాను. అంత కచ్చితంగా నేను మాట్లాడడం ఆయన పెళ్ళయ్యాక వినలేదేమో, మర్నాటినుంచి తనే బండి మీద దింపాడు.

ఇరవైనాలుగో రోజు ఒక తమాషా జరిగింది. రికార్డింగు వింటున్నాను. ‘ఏమో’ ముందు నేను ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించింది. ఛీ, ఆ ఊపిరి కట్ చెయ్యాల్సింది, సిద్ధార్థకి చెవులు లేవా అనుకున్నాను. అనుకున్నాక ఉలిక్కిపడ్డాను. నా కూతురి చావు మాట వింటూ నేను సౌండు గురించి విసుక్కుంటున్నాను. భయం ఉంది, పక్కకి జరిగి చోటిచ్చింది. ఆ జరిగిన చోట్లో నా పాత చిరాకు వచ్చి కూర్చుంది. దాన్ని చూసి ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. డాక్టర్‌కి చెబితే రాసుకుంది. ఆ ఊపిరిని సరిచెయ్యడానికి మళ్ళీ రికార్డు చెయ్యొద్దని గట్టిగా హెచ్చరించింది కూడా.

ముప్ఫయ్యో సిట్టింగు నాడు మార్కులు పద్దెనిమిది. సున్నా కాదు. ఇంకా మాత్రలు వాడాలి, ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అయినా అప్పటికి పది రోజులుగా డబ్బింగులో ఒక్క శుభం కూడా అనలేదు. వరప్రసాద్ గారు నాకు దండం పెట్టినంత పనిచేశారు. అందరూ బాగుందన్నారు. నాకు మాత్రం తెలుసు, అసలు పని మిగిలిపోయింది. రికార్డింగులో రోజూ వినిపించే పేరు ఇంటికెళ్ళి ఎదురుగా ఉన్న పిల్లని చూసి అనలేకపోతున్నాను. రోజూ ఇవాళ అనుకుంటాను. రోజూ బిడ్డా అనే వస్తుంది.

ఆ రోజు మధ్యాహ్నం ఇంటికొచ్చి ఫోన్ చార్జింగ్‌లో పెట్టి స్నానానికి వెళ్ళాను. రష్మి బడి నుంచి వచ్చిన చప్పుడయింది. బట్టలు కట్టుకుంటుంటే ముందుగదిలోంచి నా గొంతే నాకు వినిపించింది.

‘నా బిడ్డ రష్మి.’

ఆగింది. మళ్ళీ, ‘నా బిడ్డ రష్మి.’ ఆగింది. మళ్ళీ.

జుట్టు తడి కూడా తుడుచుకోకుండా పరుగెత్తాను. పదేళ్ళ పిల్ల తల్లి గొంతులో తన చావు విన్నది. అది నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది, బడి బూట్లు కూడా విప్పలేదు. నన్ను చూసి ఫోన్ దాచలేదు. మొత్తం విన్నావా అని అడిగాను. విన్నదట. అది నా మందని నాన్న ముందే చెప్పాడట. భయం వేసిందా అని అడిగాను. కొంచెం అంది. మరి మళ్ళీ మళ్ళీ ఎందుకు వింటున్నావన్నాను.

“అండ్ల నా పేరు అన్నవ్,” అంది. “తర్వాతది నాకొద్దు. గందుకే గాడ ఆపుతున్న.”

నేను పదమూడు రోజులు చావు మాట కోసం విన్న రికార్డింగుని అది తన పేరు కోసం వింటోంది. రెండేళ్ళు దాచిపెట్టి, దానికి నేను దక్కకుండా చేసినదేమిటో అప్పుడు తెలిసింది. ఎదురుగా కూలబడ్డాను. ఏడ్చాను కూడా, ఎందుకు దాచాలి. అది నా మోకాలి మీద చెయ్యి వేసి, నేను ఏడవడం అయ్యేదాకా ఆగి, తర్వాత ఫోన్ పక్కన పెట్టింది.

“ఫోన్ల కాదు. ఇట్ల అను.”

నోట్లో అదే పాత బంక. పేరు, దాని పక్కన చావు, రెండూ కలిసి వచ్చాయి. రానిచ్చాను.

“రష్మీ,” అన్నాను.

ఆ తర్వాత గదిలో మూడు శుభాలు పట్టేంత చోటు ఖాళీగా ఉండిపోయింది. దాని పెదవులు అలవాటుగా కదలబోయాయి. నావైపు చూసింది. నేను అనలేదు. నన్ను చూసి అదీ అనలేదు.

“ఏందమ్మా?” అంది, పిలిస్తే పలికే ఏ పిల్లయినా అన్నట్టే.

“ఏం లేదు బిడ్డా,” అన్నాను. “ఊరికెనే పిలిచిన.”